గడియార మెవరి చేత నుండవలెను? – టైలరు గ్రంథ విమర్శనము

నేలరాలిన బియ్యపు గింజను మన యిల్లాండ్రు వంగి యేరుదురు. పట్టపగలు దీపము వెలుగుచున్నచో నెవరో యొకరు వచ్చి యార్పుదురు. కంటికి గానవచ్చు దుబారాను సహింపకుండుట మనకు వాడుక. కాని పప్పుడబ్బా యొక మూలను, పొయ్యి వేఱొక మూలను నుండుటచే దినమునకు నలువది మార్లు వంటయింటి నీ కొననుండి యా కొనకు నడచు తల్లి యడుగులను లెక్కించినవా రరుదు. ఆ యడుగులు నేలరాలవు, ఏరుటకు దొరకవు, సాయంకాలమునకు ఆమె మోకాళ్ళలో మాత్రము చేరి యుండును.

ఇట్లు కంటబడని దుబారాను గూర్చియే 1911వ సంవత్సరమున అమెరికాలో నొక చిన్న గ్రంథము వెలువడినది. దాని పేరు ‘శాస్త్రీయ నిర్వహణ సూత్రములు’. కర్త ఫ్రెడరిక్ విన్‌స్లో టైలరు. అడవులు తఱిగిపోవుట, నేలసారము నీటిపాలగుట మనకు కనబడును గాని మనుష్య ప్రయత్నము దారి తప్పి వృథా యగుట కనబడదను భావముతోనే గ్రంథకర్త తన వాదమును మొదలుపెట్టినాడు. నేడు పారిశ్రామిక ఇంజనీరింగని పిలువబడు విద్యకు మూలగ్రంథములలో నిది యొకటి. ఉక్కు కార్ఖానాలలో పెరిగిన యీ విద్య యిప్పుడు ఆసుపత్రులలో, బ్యాంకులలో, ఇంటింటికి సరకులు పంపు వర్తకుల గిడ్డంగులలో ప్రవేశించినది. మన బిడ్డలలో ననేకులు దీని నియమములకు లోబడి జీతములు గడించుచున్నారు. కొందఱా నియమములను వ్రాయుచున్నారు. కావున ఇంజనీర్ల గ్రంథము గృహస్థుల కేల యని దీనిని త్రోసివేయరాదు. నూఱేండ్లు దాటిన యీ పుస్తకములో నేది నిలిచినది, ఏది నిలువదగనిది యని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ముందు గుణములను జెప్పుట న్యాయము. టైలరు కలవారి యింట పుట్టియు చేతిపని నేర్చినవాడు. 1878లో మిడ్‌వేల్ ఉక్కు కార్ఖానాలో సామాన్యపు పనివానిగా జేరి, మేస్త్రీయై, పిదప ముఖ్య ఇంజనీరయ్యెను. పనివారు కావలెననియే మెల్లగా పనిచేయుటను అతడు కన్నులార జూచెను. యజమానులు దానిని సోమరితనమని తిట్టుచుండిరి. టైలరు దానికి కారణము వెదకెను. ముక్కకింత యని కూలి యేర్పఱచి, పనివాడు చెమటోడ్చి ముక్కల సంఖ్యను పెంచినంతనే ముక్కకిచ్చు కూలిని తగ్గించు యజమాని యున్నచోట, మెల్లగా పనిచేయుటయే పనివానికి తెలివి యని కనుగొనెను. మనిషిని నిందించుటకు ముందు ఏర్పాటును పరీక్షింపవలెనను నీ బుద్ధి యీ విద్యలోని సారమంతటికి మూలము. తన కాలపు యజమానుల మొగముమీదనే యీ మాట చెప్పగల ధైర్య మతనికి గలదు.

రెండవ గుణము పరిశీలన. బెత్లెహేమ్ ఉక్కు కంపెనీ యావరణములో పనివారు బొగ్గు నెత్తినను, ముడి ఖనిజము నెత్తినను నొకటే పారతో నెత్తుచుండిరి. ఖనిజ మెత్తునప్పుడు పారకు ముప్పది పౌనుల బరువుండును. సన్నబొగ్గెత్తునప్పుడు నాలుగు పౌనులైన నుండదు. ఒకటి నడుము విఱుచును; మఱియొకటి శ్రమను వృథాచేయును. టైలరు పరీక్షించి, మంచి పనివాడు దినమంతయు అలయకుండ నెక్కువ పని చేయుటకు పారకు ఇరువదియొక్క పౌనులు తగిన బరువని నిర్ణయించి, ఒక్కొక్క సరకునకు దగినట్లు ఎనిమిది పది రకముల పారలు చేయించెను. మనిషికి దినమునకు 16 టన్నుల చొప్పున సాగు పని 59 టన్నులకు పెరిగినదనియు, కూలి 1.15 డాలర్లనుండి 1.88 డాలర్లకు పెరిగినదనియు అతడు వ్రాసియున్నాడు. పారను పట్టినవా రెందఱో. పారను గూర్చి యింత శ్రద్ధగా నాలోచించినవారు మిక్కిలి కొందఱు. ఈ యధ్యాయము చదివినవాడు తన చేతిలోని పనిముట్టును మునుపటివలె చూడజాలడు.

అయితే యదే లెక్కలో నింకొక యంకె గలదు. నాలుగువందలనుండి ఆఱువందల మంది చేయుచుండిన పనికి తుదకు నూట నలువది మంది చాలిరి. మిగిలినవారిని గూర్చి గ్రంథకర్త పెక్కు మాటలు పలుకలేదు. ఇక్కడనుండియే చదువరి మేలుకొని చదువవలెను.

గ్రంథములో మిక్కిలి ప్రసిద్ధమైన కథ దుక్క ఇనుము మోయువానిది. ఒక్కొక్క దిమ్మ 92 పౌనుల బరువు. దానిని వంగి యెత్తి, పలకమీదుగా నడచి, రైలు పెట్టెలో వేయవలెను. ఒక్కొక్క మనిషి దినమునకు పండ్రెండున్నర టన్నులు మోయుచుండగా, 1899లో టైలరు ష్మిట్ అను మాఱుపేరుగల యొక కూలివానిని ఎన్నుకొని, నిలువుమన్నప్పుడు నిలిచి, నడువుమన్నప్పుడు నడచునట్లు చేసి, నలువదియేడున్నర టన్నులు మోయించెను. కూలి 1.15 డాలర్లనుండి 1.85 డాలర్లయ్యెను. పని దాదాపు నాలుగింతలు. కూలి యొకటిన్నరకు కొంచెము మించినది. అంత బరువు మోయువాడు పగటిలో నూటికి 57 పాళ్ళు బరువు లేకుండ నుండవలెనను విశ్రాంతి సూత్రము మాత్ర మందులో విలువగలదే. అలసట నెఱుంగని పూర్వపు మేస్త్రీల కిది తట్టలేదు.

కాని విమర్శకుడు చూడవలసినది ఆ కథ చెప్పబడిన తీరు. టైలరు తనకును ష్మిట్‌నకును జరిగిన సంభాషణను నాటకమువలె వ్రాసినాడు. ష్మిట్ వచ్చీరాని ఇంగ్లీషు మాటలాడును, ప్రశ్నను గ్రహింపడు, ఎదురు పలుకరాదని యతనికి జెప్పుదురు. ఇట్టి పనికి తగినవాడు బుద్ధిలో ఎద్దును బోలియుండుననియు, తన పనిలోని శాస్త్రమును తాను గ్రహింపజాలడనియు, కావున తెలిసినవా రతనిని నడపవలెననియు గ్రంథకర్త సిద్ధాంతము. సరియే, అదే గ్రంథకర్త కొన్ని పంక్తులకు ముందే యేమి చెప్పినాడు? ఈ ష్మిట్ కొంచెము నేల కొనుక్కొని, ఉదయము పనికి పోకమునుపును, సాయంకాలము పనినుండి వచ్చిన పిదపను, తన చిన్న యింటి గోడలు తానే లేపుకొనుచుండెనట! పునాది తీయుటయు, గోడ నిలువున నిలుపుటయు, డబ్బు కూడబెట్టుటయు నెద్దుకు చేతనగునా? మనిషి తెలివికి సాక్ష్యమును తానే ముందుంచి, తెలివి లేదని తానే తీర్పు చెప్పుట యీ గ్రంథములోని పెద్ద పగులు. ష్మిట్ అసలు పేరు హెన్రీ నాల్. 1974లో రెగీ, పెరోనీ అను పరిశోధకులు నాటి పత్రములను వెదకి, టైలరు చెప్పిన కథలో కల్పన విస్తారముగా గలదని చూపిరి. శాస్త్రమని పేరుపెట్టిన గ్రంథము తన ప్రధానోదాహరణమును కథగా మలచుకొనుట క్షమింపదగినది కాదు.

స్త్రీలను గూర్చిన యుదాహరణము మఱింత విచారింపదగినది. సైకిలు బేరింగులలో వేయు ఉక్కు గుండ్లను నూట యిరువది మంది యువతులు పరీక్షించుచుండిరి. ఎడమచేతి వెనుకభాగమున వ్రేళ్ళ సందున గుండ్లను దొర్లించి, చెడ్డవానిని అయస్కాంతముతో నేరివేయుట వారి పని. దినమునకు పదిన్నర గంటలు. గంటలు తగ్గించినయెడల మేలగునని తోచి, మొదట వారినే అడిగిరి. ఇప్పుడున్నదే చాలునని వారందఱు నొక్కమాటగా చెప్పిరి. కొన్ని నెలల పిదప వారిమాట ప్రక్కనబెట్టి, గంటలను క్రమముగా ఎనిమిదిన్నరకు తగ్గించిరి. ఒకటింబావు గంటకు పది నిమిషముల విశ్రాంతి నిచ్చిరి. తుదకు నూట యిరువది మంది పనిని ముప్పదియైదుగురే చేసిరి, వారి కూలి దాదాపు రెండింతలయ్యెను, తప్పులును తగ్గెను. ఈ మేలును కాదనువాడు మూర్ఖుడు. కాని తొలగింపబడినవారిలో మిక్కిలి తెలివిగలవారును, కష్టపడువారును, నమ్మదగినవారును గలరనియు, కన్ను చురుకుగా లేకుండుటయే వారి లోపమనియు టైలరే యొప్పుకొనుచున్నాడు. ఎనుబదియైదుగురు స్త్రీలు ఆ వాకిలి దాటి యెక్కడికి పోయిరి? గ్రంథము చెప్పదు. గంటలు తగ్గింతుమన్నను ఆ యువతులు వలదని యేల యనిరి? గ్రంథము విచారింపదు. కూలి కోతలను గూర్చి టైలరే వ్రాసిన పుటలను చదివినవారికి ఒక సమాధానము తోచును: మేలని చెప్పి వచ్చిన మార్పులవలన వారి కదివఱకు మేలు కలుగలేదేమో! పనివాని యనుమానమునకు కారణమును మొదట గుర్తించిన మహానుభావుడే, ఆ యనుమానము తనమీదికి వచ్చినప్పుడు దానిని గుర్తింపలేకపోయెను.

ఫలితము త్వరలోనే కనబడెను. 1911 ఆగస్టులో, మసాచుసెట్స్ రాష్ట్రమందలి వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధాగారమున, పోతపనివారి వెనుక నొకడు స్టాప్‌వాచి పట్టుకొని నిలిచినంతనే వారు పని మానిరి. అమెరికా ప్రతినిధిసభ విచారణసంఘమును నియమింపగా, 1912 జనవరిలో టైలరు దానియెదుట సాక్ష్యమిచ్చెను. 1915నుండి 1949వఱకు సైనిక కార్ఖానాలలో గడియారము పట్టి పని కొలుచుట శాసనముచే నిషేధింపబడి యుండెను. ఆ పోతపనివారు విద్యకు శత్రువులని కొందఱనిరి. వారు గడియారమును వలదన్నది, దాని నెవరు పట్టినారో, ఎందులకు పట్టినారో తమకు తెలియనందున నని నా యభిప్రాయము.

ఇందుల కొక యాక్షేపణ గలదు. అలవాటుపడిన చేయి తన దుబారాను తాను చూడలేదు. బయటి కన్ను కావలెను. ఈ మాట నిజము. తాపీపని వేలయేండ్లుగా నున్నది. అయినను ఒక్కొక్క యిటుకకు నేలదాక వంగి తన దేహభారమంతయు నెత్తుకొనుట వ్యర్థమని ఫ్రాంక్ గిల్‌బ్రెత్ చూపువఱకు నెవరును దాని నాపలేదు. ఆయన తానే తాపీపని చేసినవాడు. ఇటుకలును సున్నమును చేతికందు నెత్తున నుండునట్లు పరంజాను మార్చి, ఇటుక పేర్చుటలోని పదునెనిమిది కదలికలను అయిదుకు తగ్గించెను. గంటకు 120 ఇటుకలు పేర్చిన చేయి 350 పేర్చెను. టైలరే దీనిని తన గ్రంథమున మెచ్చుకొన్నాడు. బయటి కన్ను అక్కఱలేదనుట నా వాదము కాదు. ఆ కన్ను చూచినదానిని పని చేయువానితో గూర్చుండి విచారింపక, ఆలోచన యంతయు నొకరి పాలు, చేత యంతయు నొకరి పాలు చేయుట కూడదనియే నా వాదము. టైలరు తన నాల్గవ సూత్రమున దీనిని యజమానికి పనివానికి నడుమ సమానముగా పంచిన భారమనెను. పంచుట నిజమే, కాని తల యొకరికి, చేతులొకరికి పంచినట్లయినది.

గిల్‌బ్రెత్ భార్య లిలియన్ కథ మన చదువరులకు ముఖ్యముగా తెలియదగినది. ఈమె 1914లో నిర్వహణకును మనస్సునకును గల సంబంధమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. స్త్రీ వ్రాసినదని తెలియకుండ పేరులోని మొదటి యక్షరములు మాత్రమే ముద్రించిరి. 1924లో భర్త గతించినపుడు, ఆయన సలహాను వెలపెట్టి కొనిన కంపెనీలలో ననేకము లామె సలహాను గొనుటకు వెనుదీసినవి. పెద్ద సంసారమును మోయుచునే యామె తన విద్యను వంటయింటికి దెచ్చెను. పొయ్యి, బల్ల, అలమార దగ్గఱ దగ్గఱగా నుండవలెను. బల్ల యెత్తు అక్కడ నిలుచు స్త్రీ యెత్తునకు దగియుండవలెను. ఇట్టి వామె యేర్పాటులు. 1929లో బ్రుక్లిన్ నగరపు గ్యాసు కంపెనీ యొకటి యామె చెప్పినట్లు మాదిరి వంటయింటిని గట్టించెను. ఇచ్చట టైలరు చిక్కు తానుగా విడినది. ఎట్లనగా, వంటయింట ఆలోచించు తలయు, పని చేయు చేతులును నొకరివే. గడియారము చూచునామెయు, అడుగులు వేయునామెయు నొకరే. మిగిలిన నిమిషమును తన సంతోషమునకు వాడుకొను హక్కు ఆమెకే యుండవలెనని యీ దంపతుల భావము.

ఉండవలెను గాని యున్నదా? 1983లో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అను చరిత్రకారిణి ‘అమ్మకు మఱింత పని’ యను నర్థము గల పేరుతో నొక గ్రంథము వ్రాసి, అమెరికా గృహములలో యంత్రములెన్ని చేరినను గృహిణి పనిగంటలు తగ్గలేదని నిరూపించెను. బట్టలుతుకు యంత్రము వచ్చిన పిదప చాకలికి వేయు బట్టలును ఆమె నెత్తినే పడినవి. వారమున కొకసారి మార్చు బట్టలను దినమున కొకసారి మార్చసాగిరి. అడుగులు మిగిలినవి గాని, మిగిలిన యడుగులను ఇంటిల్లిపాది తమ కోరికలతో మఱల వాడుకొనిరి. దీనికి అమెరికాదాక పోనక్కఱలేదు. మిక్సీ వచ్చినందున రోటివద్ద మిగిలిన గంట నింటి తల్లి కెవరైన విశ్రాంతిగా నిచ్చిరా, లేక రెండవ పచ్చడిగా నడిగిరా? ప్రతి పాఠకుడును తన యింటి లెక్కను తాను చూచుకొనవలెను.

అట్లయిన పనివారినే యడిగి చూచిన తావు లేదా? మన దేశముననే గలదు. అహమ్మదాబాదులోని కాలికో మిల్లులో స్వయంచాలకములైన మగ్గములను దెచ్చి, పనిని గడియారముతో కొలిచి, ఒక్క మగ్గాల కొట్టములోని పనిని పండ్రెండు విధములుగా విభజించిరి. నేయువా డొకడు, కండెలు నింపువా డొకడు, తెగిన పడుగు నతుకువా డొకడు, నూనె వేయువా డొకడు. అయినను అనుకొన్నంత నేత రాలేదు. పాడైన బట్ట హెచ్చుగా నుండెను. 1953లో ఎ. కె. రైస్ అను నాంగ్లేయ పరిశోధకుడు వచ్చి, కొన్ని మగ్గములకు కొందఱు చొప్పున నొక చిన్న జట్టుగా నుండి పని నంతయు తామే చూచుకొనిన నెట్లుండునని సూచించెను. ఆ సూచన చెవినిబడినంతనే పనివారును మేస్త్రీలును తామే జట్లు కట్టుకొని పద్ధతిని నిర్ణయించుకొనిరి. మొదట కొంత తడబడిరి. పిదప నేత పెరిగెను, పాడగు బట్ట తగ్గెను. యంత్రములు మాఱలేదు, మనుష్యులును మాఱలేదు. పనిని గూర్చి యాలోచించు హక్కు చేతులు మాఱినది. టైలరు ఎద్దులని తలచినవారు నేర్పరులని మన నేతగాండ్రు చూపిరి.

జపానులో టయోటా కంపెనీ పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో 1978లో వ్రాసిన గ్రంథమును టైలరు గ్రంథము ప్రక్కన బెట్టి చదువుట మంచిది. నూలు తెగినంతనే తానే యాగిపోవు సకిచి టయోడా మగ్గమునుండి ఆయన యొక పాఠము గ్రహించెను: తప్పు కనబడినచోటనే పని యాగవలెను. కావున తప్పును జూచిన పనివాడెవడైనను కార్ఖానా వరుసను నిలుపవచ్చును. అక్కఱకు మించి చేయుట, వేచియుండుట, ఊరక మోయుట, సరకు పేరబెట్టుట మొదలైన యేడు దుబారాలను ఆయన లెక్కించెను. టైలరు పనివానికి నోరు మూయుమనిన చోట ఓనో త్రాడు చేతికిచ్చెను. అయినను ఆ కంపెనీలోనే 1972లో కొన్ని నెలలు కూలిగా పనిచేసిన సతోషి కమాటా అను రచయిత, వరుస వేగమునకు దేహము లెట్లు నలిగినవో మఱుసటి యేడు ప్రకటించిన తన గ్రంథమున వర్ణించెను. త్రాడు చేతిలో నుండుట గొప్పయే. లాగినపిదప నేమగునను భయము లేకుండుట యింకను గొప్ప. మంచి పద్ధతికైనను కాపలా కావలెను.

కావున టైలరు గ్రంథమును పాఱవేయుమని నేను చెప్పను. పారను గూర్చిన పుటలను, విశ్రాంతిని గూర్చిన పుటలను, కూలి కోతను గూర్చిన పుటలను ప్రతి యజమానియు, ప్రతి సంఘ కార్యదర్శియు చదువవలెను. ష్మిట్ సంభాషణను మఱింత జాగ్రత్తగా చదువవలెను. ఏలనగా మన యిండ్లలోను కార్యాలయములలోను నేటికిని దినదినము వినబడు సంభాషణ యదియే. పని మనిషికి గిన్నెలు తోము పద్ధతి నేర్పు నిల్లాలు, నీటి పంపు ఎత్తు ఆమెకు తగియున్నదా యని యడిగినదా? కోడలి యాలస్యమును లెక్కించు అత్తగారు, గడియారము నొక దినము కోడలి చేతికిచ్చి చూచినదా? కార్యాలయమున సంస్కరణ పేరిట పత్రములు పెంచు నధికారి, వానిని నింపు గుమస్తాను పిలిచి కూర్చుండబెట్టినాడా?

దుబారాను తగ్గించుట పుణ్యకార్యమే. ఆ మిగులు ఎవరి చెమటనుండి వచ్చినదో వారికి అందులో పాలుండవలెను. కొలతకు ముందు వారి మాట వినవలెను. ఈ వ్యాసము చదివిన గృహస్థు ఈ యాదివారము ఒక కాగితమును పెన్సిలును దీసికొని వంటయింటికి పోవుగాక. పోయి, లెక్క తాను వ్రాయక, ఆ రెంటిని అక్కడ పనిచేయు నామె చేతికిచ్చి, ఏ డబ్బా యెక్కడ నుండవలెనో ఆమెనే చెప్పుమని యడుగుగాక. ఆమె చెప్పినచోట మేకు కొట్టుట యాతని వంతు.